పెరంబూరు రైల్వే కార్ఖానాల పాత ఆనవాళ్ళు: గోడలో నిలబెట్టిన ఒక పట్టా గురించి

అయనావరం_వాసి | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మద్రాసు పెరంబూరు పక్కనే ఉన్న అయనావరంలో మా ఇంటి వెనుక సందులో ఒక పాత ప్రహరీ ఉంది. దాని స్తంభాలు రైలు పట్టాలు. నిలువుగా పాతి, మధ్యలో ఇటుక కట్టి, పైన సున్నం పూశారు. ఇరవై ఏళ్ళుగా వాటి పక్క నుంచే పాల ప్యాకెట్టుకు వెళ్ళి వస్తున్నాను, ఏనాడూ ఆగి చూడలేదు. మొన్నటి వానకు ఒక పట్టా మీది సున్నం పెచ్చు ఊడి, కింద ఉబ్బెత్తు అక్షరాలు బయటపడ్డాయి. ఇంగ్లీషులో "బారో", "స్టీల్" అనే రెండు మాటలు, వాటి తరువాత 18 అనే అంకెలు కనిపిస్తున్నాయి. ఆ పక్క రెండంకెలు తుప్పులో కలిసిపోయాయి.

పెరంబూరు వర్క్‌షాపును మద్రాసు రైల్వే కంపెనీ 1856లో మొదలుపెట్టింది కదా, ఈ ప్రహరీ ఆ తొలినాళ్ళదేనా? సందును వెడల్పు చేస్తారని వింటున్నాను. గోడ పోయేలోపు దాని సంగతి తెలుసుకోవాలని ఉంది.

పట్టాల_పరిశీలన | శనివారం, ఉదయం 9:05

మంచి పని చేశారు. ముందుగా ఒక మాట. ఆ "స్టీల్" అనే మాటే మీ ప్రశ్నకు సగం జవాబు. 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు తొలి బండి నడిచినప్పుడు ప్రపంచమంతటా పట్టాలు సాగగొట్టిన ఇనుముతో చేసినవే. ఉక్కును చవకగా, పెద్ద మొత్తంలో తీసే బెస్సెమర్ పద్ధతి వెలుగులోకి వచ్చిందే ఆ ఏడాది. ఉక్కు పట్టాలు ఇనుప పట్టాలను తోసిరాజనడానికి మరో ఇరవై, ముప్ఫై ఏళ్ళు పట్టింది. కాబట్టి మీ పట్టా 1856 నాటిది కాదు. బారో అంటే ఇంగ్లండు వాయవ్య తీరంలోని ఊరు. అక్కడి ఉక్కు కర్మాగారం పట్టాలు మన దేశానికి చాలా వచ్చాయి.

పట్టాను రోలరు మధ్య నుంచి లాగుతున్నప్పుడే ఆ అక్షరాలు నడుము మీద అచ్చుపడతాయి. సాధారణంగా చేసినవారి పేరు, లోహం, నెల, సంవత్సరం ఉంటాయి. నెలను రోమన్ అంకెలలోనో వరుస గీతలలోనో వేస్తారు. చాలాసార్లు కొన్న రైల్వే కంపెనీ పొడి అక్షరాలూ ఉంటాయి. మీ స్తంభానికి ఆ పొడి అక్షరాలు దొరికితే సంవత్సరం కంటే అదే విలువైనది.

దయచేసి ఇనుప బ్రష్షుతో రుద్దకండి. తుప్పుతో పాటు అక్షరం అంచు కూడా పోతుంది. రాత్రివేళ టార్చి లైటును పట్టాకు ఆనించినట్టు పక్కవాటుగా పట్టుకుని చూడండి, నీడలు అక్షరాలను లేపి చూపిస్తాయి. ఆ తరువాత పలచటి కాగితం పెట్టి మైనపు పెన్సిలుతో మెల్లగా రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద చేసినట్టే.

కట్టడాల_కన్ను | శనివారం, ఉదయం 11:30

పాత కట్టడాల సంరక్షణ నా వృత్తి. పట్టాల_పరిశీలన గారు చెప్పినదానికి ఒక హెచ్చరిక జోడిస్తాను. పట్టా వయసు గోడ వయసు కాదు. పట్టా ప్రధాన మార్గంలో పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో పనిచేస్తుంది. అరిగాక సైడింగులోకి (బండ్లను నిలిపే పక్క దారిలోకి) మారుస్తారు, అక్కడ మరికొన్నేళ్ళు. చివరకు స్తంభంగానో, కాలువ మీద దూలంగానో, మిద్దెకు ఆధారంగానో మూడో జన్మ ఎత్తుతుంది. గోడ ఆ చివరి జన్మ. పట్టా మీది సంవత్సరం మనకు చెప్పేది ఒక్కటే, గోడ అంతకంటే పాతది కాదని.

ఇటుక కొలతలు, సున్నమా సిమెంటా అన్నది, పునాది లోతు ఇవన్నీ కలిపి చూస్తేనే గోడ వయసు తేలుతుంది. పెచ్చు ఊడిన చోట అతుకు పదార్థం తెల్లగా, గోటితో గీస్తే పొడి రాలేలా ఉందా, లేక బూడిద రంగులో రాయిలా ఉందా చూసి చెప్పండి.

పాత_ఫిట్టర్ | శనివారం, మధ్యాహ్నం 2:15

నేను గూడూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి పెరంబూరు క్యారేజీ వర్క్స్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఈ చర్చ మా మనుమడు చూపించాడు.

మీరంతా గోడలు, పట్టాలు అంటున్నారు. సంతోషమే. కానీ ఆ కార్ఖానా ఇంకా నడుస్తోందని మరచిపోకండి. సబర్బన్ బండిలో వ్యాసర్పాడి దాటాక పెరంబూరు, ఆ తరువాత పెరంబూరు క్యారేజీ వర్క్స్, ఆ తరువాత పెరంబూరు లోకో వర్క్స్ అని మూడు స్టేషన్లు వస్తాయి. వర్క్‌షాపు పేరే స్టేషను పేరైన చోటు అది. శిథిలాలు చూడడానికి వెళ్ళినట్టు అక్కడికి వెళ్ళకూడదు. పాత లేతు (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) తీసి కొత్తది పెట్టినప్పుడు మేము ఏడవలేదు, సంతోషించాం. పాతదాని పట్టీ తెగి ఎగిరితే మనిషి ప్రాణం పోయేది. పనిచేసే చోటు మారుతూ ఉండాలి. 1856లో ఎలా ఉందో అలాగే ఉంచితే ఎప్పుడో మూతపడేది.

చూసినవాటిని చెప్పమంటే మాత్రం చెబుతాను. చక్రానికి టైరు ఎక్కించడం ఎంతమందికి తెలుసు? రైలు చక్రం పాతరోజులలో ఒకే ముక్క కాదు. మధ్య భాగం వేరు, పట్టా మీద నడిచే ఉక్కు కట్టు వేరు. కట్టు లోపలి కొలతను చక్రం కంటే కొంచెం తక్కువగా ఉండేలా లేతు మీద కోసేవారు. వెయ్యికి ఒక వంతు లెక్క. మీటరు చక్రానికి ఒక మిల్లీమీటరు అన్నమాట. కట్టును చుట్టూ గ్యాసు మంటలతో కాలిస్తే అది సాగుతుంది. వెంటనే చక్రాన్ని అందులోకి దించితే, చల్లారేసరికి బిగుసుకుపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మా ఊరి వడ్రంగి గుర్తుకు వచ్చాడు. పిడకల మంటలో ఇనుప కమ్మి కాల్చి బండి చక్రానికి ఎక్కించి, పైన బిందెలతో నీళ్ళు పోసేవాడు. పొగ, చుయ్ మనే చప్పుడు, కొయ్య కాలిన వాసన అన్నీ అవే. మా మేస్త్రీకి ఆ మాట చెబితే, "నీకు పని సగం వచ్చినట్టే" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు భయం పోయింది.

కట్టడాల_కన్ను | శనివారం, మధ్యాహ్నం 3:50

ఫిట్టర్ గారూ, మీరు ఈ చర్చలోకి రావడం మా భాగ్యం. మీ మాటను నేను కాదనడం లేదు. నడిచే కార్ఖానాను గాజుపెట్టెలో పెట్టమని ఎవరూ అడగకూడదు. నేను కోరేది తీసేముందు రాసిపెట్టమని. లేతు మార్చండి, కానీ పాతది ఏ మూల ఏ దిక్కుకు నిలబడి ఉందో, దానికి బలం ఎక్కడి నుంచి అందేదో ఒక పటం గీసి, నాలుగు ఫొటోలు తీసి ఉంచితే చాలు.

పోతపోసిన ఇనుప స్తంభాలున్న పాత షెడ్డులోకి వెళ్ళినప్పుడు నేను మొదట చూసేది స్తంభాల పైభాగంలో ఖాళీ బోల్టు రంధ్రాలను. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఉంటే, అక్కడ ఒకప్పుడు షెడ్డు పొడవునా తిరిగే ఇరుసు ఉండేదని అర్థం. ఒక్క ఆవిరి యంత్రం ఆ ఇరుసును తిప్పేది, దాని నుంచి తోలు పట్టీలు దిగి ఒక్కొక్క లేతునూ తిప్పేవి. ప్రతి యంత్రానికీ సొంత కరెంటు మోటారు వచ్చాక ఇరుసు పోయింది, రంధ్రాలు మిగిలాయి. యంత్రాలు వరుసలు కట్టి ఎందుకు నిలబడ్డాయో ఆ రంధ్రాలు చెబుతాయి. కొన్ని స్తంభాలు లోపల డొల్లగా ఉంటాయి. కప్పు మీది వాననీరు స్తంభంలోంచే కిందికి దిగుతుంది. ఒకే వస్తువు భారమూ మోస్తుంది, తూమూ అవుతుంది.

రంపపు పళ్ళలాంటి కప్పుల గురించి కూడా చెప్పాలి. నిటారు వైపు అద్దాలు, వాలు వైపు రేకు. ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం రావాలని అద్దాలను ఉత్తరానికి పెడతారు. మాంచెస్టరుకు ఆ లెక్క పన్నెండు నెలలూ సరిపోతుంది. మద్రాసు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే సరిగ్గా నడివేసవిలో ఆ అద్దాలలోంచి ఎండ లోపలికి దిగే వీలుంది. అందుకే దక్షిణాది షెడ్డులలో కప్పు చూసేటప్పుడు అద్దం మీద చూరు ఎంత ముందుకు వచ్చింది, అద్దానికి రంగు పూశారా అని వెతుకుతాను. ఇంగ్లండు నుంచి వచ్చిన నమూనాను ఇక్కడి పనివారు ఎలా సరిదిద్దుకున్నారో ఆ చిన్న మార్పులలోనే తెలుస్తుంది. ఈ విద్యలో నన్ను కట్టిపడేసేది అదే.

పాత_ఫిట్టర్ | శనివారం, సాయంత్రం 6:20

అద్దాలకు పచ్చరంగు పూసి ఉండేది. మా షెడ్డులో ప్రతి వేసవికీ పూసేవారు. ఎందుకో ఇవాళ తెలిసింది.

అచ్చులమేస్త్రి_కూతురు | శనివారం, రాత్రి 9:10

నేను ఇక్కడ కొత్త. మా నాన్నగారు పెరంబూరులో చెక్క అచ్చులు చేసే ప్యాటర్న్ మేకర్. పోయి పదకొండేళ్ళయింది. ఆయన పెట్టెలో ఉలులు, చిన్న చిత్రికలు, ఒక ఉక్కు స్కేలు ఉన్నాయి. ఆ స్కేలు నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. అది తప్పు చూపిస్తుంది. మా అబ్బాయి బడి స్కేలు పక్కన పెడితే, దాని మీది పన్నెండో అంగుళం గీత బడి స్కేలు గీత కంటే కొంచెం ముందుకు పోతోంది. అన్ని అంగుళాలూ సమానంగానే ఉన్నాయి, కానీ ప్రతిదీ రవ్వంత పెద్దది. నాన్నగారు ఒక్క గీత తేడా వస్తే నిద్రపోయేవారు కాదు. అలాంటి మనిషి తప్పు స్కేలును నూనె గుడ్డలో చుట్టి ఎందుకు దాచుకున్నారో అర్థం కాదు. వెనుకవైపు 517 అని అంకెలు కొట్టి ఉన్నాయి, అది దాని నమూనా నంబరు కావచ్చు.

ఇది ఈ చర్చకు సంబంధించినదో కాదో తెలియదు. అనవసరమైతే క్షమించండి.

పట్టాల_పరిశీలన | శనివారం, రాత్రి 9:45

అమ్మా, మీ నాన్నగారి స్కేలు తప్పు కాదు. అది ఆయన వృత్తికే ప్రత్యేకమైన కొలబద్ద. చెక్క అచ్చును ఇసుకలో ఒత్తి మూస చేస్తారు. కరిగిన పోత ఇనుము ఆ మూసలో గట్టిపడి చల్లారేటప్పుడు అడుగుకు దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది. పన్నెండు అంగుళాల ఇనుప వస్తువు కావాలంటే చెక్క అచ్చును పన్నెండు అంగుళాల మీద మరో ఎనిమిదో వంతు అంగుళం పెంచి చేయాలి. ప్రతి కొలతకూ ఈ లెక్క కట్టుకుంటూ కూర్చుంటే పని సాగదు, పైగా ఎక్కడో ఒకచోట పొరపాటు దొర్లుతుంది. అందుకని కుంచించుకుపోయే మేర ముందే కలిపిన స్కేళ్ళు చేశారు. డ్రాయింగులో పన్నెండు అని ఉంటే ఈ స్కేలుతో పన్నెండు కొలిస్తే చాలు, అచ్చు దానంతటదే సరైన పెద్ద కొలతకు వస్తుంది. ఇత్తడి ఇంకా ఎక్కువ కుంచించుకుంటుంది, దానికి వేరే స్కేలు. మీ దగ్గర ఉన్నది ఎంత ఎక్కువ చూపిస్తోందో కొలిస్తే, నాన్నగారు ఎక్కువగా ఏ లోహానికి అచ్చులు చేశారో కూడా చెప్పవచ్చు.

అచ్చులమేస్త్రి_కూతురు | శనివారం, రాత్రి 10:30

మూడుసార్లు కొలిచాను. పన్నెండు అంగుళాలకు సరిగ్గా ఎనిమిదో వంతు ఎక్కువ. ఇనుము.

చల్లారాక ఎంత తగ్గుతుందో ముందే లెక్కేసుకుని, ఆ మేరకు పెద్దదిగా చేసేవారన్నమాట. ఇన్నేళ్ళూ నేను దాన్ని పాడైన స్కేలు అనుకున్నాను.

లాలాగూడ_బిడ్డ | ఆదివారం, ఉదయం 8:15

రాత్రంతా ఈ చర్చే చదివాను. నేను పుట్టింది సికింద్రాబాదు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో, ఉంటున్నది ఇప్పుడు కొరట్టూరులో. లాలాగూడ వర్క్‌షాపు నిజాం కాలపు రైల్వే కట్టినది, 1893 నాటిది. అక్కడా మా తాతగారు పోతల విభాగంలోనే పనిచేశారు.

ఒక బాధ పంచుకోవాలి. నేను చదువుకునే రోజులలో ఒక పాత కార్ఖానాలో (పేరు చెప్పను) పోతల విభాగం మూసేశారు. వందల టేకు అచ్చులు. గేరు చక్రాలు, బ్రేకు దిమ్మలు, పొగగొట్టం మూతలు, ఒక్కొక్కదాని మీద ఎర్ర రంగు, నల్ల రంగు, నంబరు. వాటిని కిలోల లెక్కన వంటచెరకుగా అమ్మేశారు. నేను చూస్తుండగానే లారీ ఎక్కాయి. ఇనుప వస్తువు పోయినా అచ్చు ఉంటే మళ్ళీ పోత పోయవచ్చు. అచ్చు పోతే ఆ వస్తువు జాతి అంతరించినట్టే. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు, తెలిసినవారు అక్కడ లేరు.

షెల్_షాపు | ఆదివారం, ఉదయం 10:00

అందరి మాటలూ చదివాను. ఒక విషయం గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. పారిశ్రామిక పురావస్తువు అనగానే మనవాళ్ళ చూపు ఆవిరి యంత్రాలు, రివెట్లు, తెల్లదొరల కాలం మీదికే పోతుంది. పెరంబూరులో దానికి సమానమైన చరిత్ర మనమే కట్టుకున్నాం. ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ. 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించారు. సాంకేతిక సహకారం స్విట్జర్లాండులోని ష్లీరెన్ కంపెనీది.

మా నాన్న కావలి నుంచి వచ్చి అక్కడ వెల్డరుగా చేరారు, నేనూ అక్కడే పనిచేశాను. పాత పెట్టెలలో కింద ఉక్కు చట్రం, దాని మీద కొయ్య గది. బండ్లు గుద్దుకుంటే ఒక పెట్టె మరొక పెట్టెలోకి దూరిపోయేది, కొయ్య చీలికలు మనుషులను పొడిచేవి. ఇంటెగ్రల్ పెట్టెలో చట్రం, గోడలు, కప్పు అన్నీ కలిసి ఒకే ఉక్కు డొల్ల, భారాన్ని అన్నీ కలిసి మోస్తాయి. రివెట్టు కాదు, వెల్డింగు. గుద్దుకున్నప్పుడు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోకుండా చివరలను ప్రత్యేకంగా కట్టారు. ఆ నమూనా పెట్టెలు 2018 జనవరి వరకు తయారయ్యాయి, వాటి స్థానంలో జర్మన్ నమూనా ఎల్.హెచ్.బి. పెట్టెలు వచ్చాయి. అరవై ఏళ్ళకు పైగా దేశంలో సామాన్యుడు ప్రయాణించిన పెట్టె అదే.

ఇప్పుడు నా ప్రశ్న. పెట్టెలు మ్యూజియంలో ఉంటాయి, విల్లివాక్కంలో 2002లో పెట్టిన రైలు మ్యూజియంలో చూడవచ్చు. కానీ పెట్టె పక్కగోడను సరైన వంపులో పట్టి ఉంచి వెల్డు చేయించే భారీ బిగింపు చట్రాలను ఎవరు దాస్తారు? అవి అందంగా ఉండవు. ఫొటోకు ఎవరూ నిలబడరు. నమూనా మారగానే తుక్కుకు పోయేది మొదట అవే. నన్నడిగితే పెట్టె కంటే ఆ చట్రమే అసలైన సాక్ష్యం. పని ఎలా జరిగిందో అందులో ఉంది.

పాత_ఫిట్టర్ | ఆదివారం, ఉదయం 10:40

షెల్_షాపు తమ్ముడూ, నీ మాట నా గుండెకు తగిలింది. నిన్న నేను పాతదాన్ని మార్చాల్సిందే అన్నాను. మార్చాల్సిందే. కానీ పని నేర్చుకున్న మనిషి కూడా లేకుండా పోతే, ఆ పాతదాన్ని చూసి ఇది దేనికని అడిగితే చెప్పేవాడు ఉండడు.

నేను సర్వీసులో ఉండగానే, 1997లో, ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి ఇంజిన్‌ను లోకో వర్క్స్‌లో మళ్ళీ నడిచేలా చేశారు. అది 1855 నాటిది. దాని జంట ఇంజిన్, ఈస్ట్ ఇండియన్ రైల్వే 21వ నంబరు, వందేళ్ళకు పైగా కదలకుండా బొమ్మలా నిలబడి ఉన్నది. దాన్నీ లోకో వర్క్స్ వాళ్ళే బాగు చేసి 2010 ఆగస్టు 15న మద్రాసు సెంట్రల్ నుంచి ఆవడి వరకు నడిపించారు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాను. పొగ వాసనకు కళ్ళు చెమర్చాయి. అది బొమ్మ కాకుండా ఇంజిన్ ఎలా అయింది? చేతులలో పని మిగిలి ఉన్నవారు ఇంకా ఉన్నారు కాబట్టి. బాయిలరు గొట్టాన్ని పలకలోకి దూర్చి అంచు మలిచి బిగించడం పుస్తకం చదివి వచ్చే పని కాదు.

గోదావరి_గట్టు | ఆదివారం, మధ్యాహ్నం 12:25

కొంచెం పక్కకు వెళుతున్నాను, అయినా సంబంధం ఉంది. మద్రాసులో రాయపురానికి ముందే పట్టాలు పడ్డాయి. 1837లో రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేట వైపు రోడ్ల కోసం రాయి తరలించడానికి ఒక చిన్న రైలుదారి నడిచింది. దాని వెనుక ఉన్న ఇంజినీరు ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాలలో పరిచయం చేయనక్కరలేని పేరు. తరువాత ధవళేశ్వరంలో ఆనకట్ట పని జరిగినప్పుడు (1847 నుంచి 1852 వరకు) కొండ నుంచి రాయి తేవడానికి అక్కడా పట్టాలు వేయించాడు, పనిముట్లు చేయడానికి వర్క్‌షాపులు పెట్టించాడు. మేము చిన్నప్పుడు ధవళేశ్వరం వర్క్‌షాపులు అనే మాట వింటూ పెరిగాం. ప్రయాణికులకంటే ముందు పట్టాల మీద ఎక్కింది బండరాయి అన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

కట్టడాల_కన్ను | ఆదివారం, మధ్యాహ్నం 1:30

బాగా గుర్తు చేశారు. అయితే రెడ్ హిల్స్ దారి నేల మీద మనకు కనిపించేలా మిగలలేదు. అందుకే మిగిలినవాటి మీద శ్రద్ధ పెట్టాలి. పెరంబూరులోనే బకింగ్‌హాం, కర్నాటక్ అనే బట్టల మిల్లులు ఉండేవి. 1918లో మద్రాసు కార్మిక సంఘం పుట్టింది ఆ మిల్లుల కార్మికులతోనే. 1996లో మూతపడ్డాయి. ఇవాళ ఆ స్థలం చూసినవారికి అక్కడ వేలమంది పనిచేశారని తోచదు.

ఇంగ్లండులో స్విండన్ రైల్వే వర్క్‌షాపు 1843 నుంచి 1986 వరకు నడిచి మూతపడింది. 2000లో అందులో ఒక భాగం మ్యూజియం అయింది, మిగతా షెడ్డులలో దుకాణాలు వచ్చాయి. అక్కడ మూతపడ్డాక దాచారు. మనకు అంతకంటే మంచి అవకాశం ఉంది, పని నడుస్తుండగానే రాసుకోవచ్చు. తిరుచ్చి పక్కన పొన్మలై వర్క్‌షాపును నాగపట్నం నుంచి 1928లో తరలించారు. అలా తరలిన చోట పాత ఊరిలో ఏం మిగిలింది, కొత్త ఊరికి ఏ యంత్రాలు వెళ్ళాయి అన్నది పెద్ద పరిశోధనే.

ఉత్సాహవంతులకు రెండు జాగ్రత్తలు. వర్క్‌షాపు ఆవరణలోకి అనుమతి లేకుండా వెళ్ళకండి, ఫొటోలు తీయకండి. మూతపడిన షెడ్డులలో పాత బాయిలర్లకు చుట్టిన తెల్లటి పీచులాంటిది కనిపిస్తే ముట్టుకోవద్దు. అది ఆస్బెస్టాస్, ఊపిరితిత్తులకు చేటు. పాత రంగు పెచ్చులలో సీసం ఉంటుంది. జ్ఞాపకంగా బోల్టో బిళ్ళో జేబులో వేసుకురావడం కూడా తగదు. ఉన్న చోటి నుంచి కదిలిన వస్తువు సగం మాటలు మరచిపోతుంది.

అయనావరం_వాసి | ఆదివారం, రాత్రి 8:50

మీరందరూ చెప్పినట్టే చేశాను. నిన్న రాత్రి టార్చి పక్కవాటుగా పట్టాను, మా చెల్లెలు కాగితం పట్టుకుంది. శాసనానికి ముద్ర తీసినంత శ్రద్ధగా రుద్దాం. సంవత్సరం చివరి అంకె ఇంకా తేలలేదు. 189 వరకు ఖాయం. కానీ దాని తరువాత మూడు అక్షరాలు వచ్చాయి: ఎస్, ఐ, ఆర్.

పట్టా ఎత్తు కొలిచాను. పునాది నుంచి తల వరకు దాదాపు నూరు మిల్లీమీటర్లు. గోడ అతుకు బూడిద రంగులో ఉంది, తాళంచెవితో గీస్తే గీత కూడా పడలేదు.

పట్టాల_పరిశీలన | ఆదివారం, రాత్రి 9:20

అద్భుతం! ఎస్.ఐ.ఆర్. అంటే సౌత్ ఇండియన్ రైల్వే. పెరంబూరు వాళ్ళది కానే కాదు. పెరంబూరు మద్రాసు రైల్వేది, 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది, బ్రాడ్‌గేజి (పట్టాల మధ్య ఎడం ఎక్కువ). సౌత్ ఇండియన్ వాళ్ళది ఎగ్మూరు వైపు, మీటరుగేజి (ఎడం ఒక మీటరే). తరువాతి కాలపు బ్రాడ్‌గేజి పట్టా, గజానికి 90 పౌండ్ల బరువుది, దాదాపు 143 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మీది నూరు. తేలికైన మీటరుగేజి పట్టాకు సరిపోతుంది. అక్షరాలూ, కొలతా ఒకే మాట చెబుతున్నాయి.

ఆ కంపెనీ పట్టా అయనావరం ఎలా వచ్చింది? రెండు కంపెనీలూ, మైసూరు రైల్వేతో పాటు, 1951 ఏప్రిల్ 14న కలిసి దక్షిణ రైల్వే అయ్యాయి. అప్పటి నుంచి ఒకరి తుక్కు మరొకరి యార్డుకు రావడం సహజం. మీరు చెప్పినదాన్ని బట్టి అతుకు సిమెంటు, కాబట్టి మీ గోడ ఆ తరువాతిదై ఉండే అవకాశమే ఎక్కువ. తుక్కు వేలంలో ఎవరైనా కొని తెచ్చి ఉండవచ్చు కూడా, దాన్ని కొట్టిపారేయను.

అయనావరం_వాసి | ఆదివారం, రాత్రి 9:40

1856 అనుకున్నది 1950ల తరువాతికి వచ్చింది. అయినా నాకు నిరాశ లేదు. ఏ ఊరి మీదుగానో నలభై, యాభై ఏళ్ళు బండ్లను మోసి, ఆ తరువాత మా సందుకు వచ్చిన పట్టా అది. రేపు ఉదయం మొత్తం పదకొండు స్తంభాలకూ నంబర్లు వేసి, పక్కన టేపు పెట్టి ఫొటోలు తీస్తాను. సందు పటం కూడా గీస్తాను.

పాత_ఫిట్టర్ | ఆదివారం, రాత్రి 10:05

అచ్చులమేస్త్రి కూతురా, నీకు ఒకటి చెప్పాలని నిన్నటి నుంచి అనుకుంటున్నాను. చూపు సరిగా ఆనక ఆలస్యమైంది. స్కేలు వెనుక 517 అని ఉందన్నావు. అది నమూనా నంబరు కాదమ్మా. అంకెలు కొద్దిగా ఎగుడుదిగుడుగా, ఒక్కొక్కటి విడిగా కొట్టినట్టు ఉన్నాయా? అలా ఉంటే అది మీ నాన్నగారి టికెట్ నంబరు.

కార్ఖానాలో మమ్మల్ని పేరుతో ఎవరు పిలిచేవారు? గేటు దగ్గర కొక్కేల బోర్డు మీద అందరి ఇత్తడి బిళ్ళలూ వేలాడేవి. సైరను మోగేలోపు మన బిళ్ళ తీసి పెట్టెలో వేయాలి. పెట్టె మూసేశాక వస్తే ఆ పూట కూలి పోయినట్టే. జీతం పట్టీలో, ఆసుపత్రి చీటీలో, పనిముట్ల గదిలో అన్నిచోట్లా ఆ నంబరే. సొంత పనిముట్టు కొనుక్కుంటే మొదటి రోజే అంకెల పంచుతో మన నంబరు కొట్టుకునేవాళ్ళం, పక్కవాడిది కలిసిపోకుండా. నా నంబరు కొట్టిన సుత్తి ఇంకా మా ఇంట్లో ఉంది.

ఆయన సర్వీసు కాగితాలు ఉంటే ఒకసారి చూడు తల్లీ.

అచ్చులమేస్త్రి_కూతురు | ఆదివారం, రాత్రి 11:15

అంకెలు మీరు చెప్పినట్టే ఉన్నాయి బాబాయి గారూ, 7 కొంచెం పక్కకు ఒరిగింది.

కాగితాలు అన్నయ్య దగ్గర ఉన్నాయి, ఫోను చేసి చూడమన్నాను. పింఛను కాగితంలో ఉందట, టికెట్ నంబరు 517 అని. తరువాత వంటింట్లోకి వెళ్ళి నాన్నగారి టిఫిన్ క్యారియర్ దించాను. మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా అమ్మ పేరు చెక్కించి ఉంటుంది, ఆ క్యారియర్ మూత మీద మాత్రం పేరు లేదు, మూడంకెలు ఉన్నాయి. పాత్రల కొట్టువాళ్ళు వేసినవి అనుకునేదాన్ని.